ఇంటిపన్ను మదింపు: విన్నపం వినేదెవరు?

శ్రీముఖలింగంలో మధుకేశ్వరాలయపు శాసనాలను చూడడానికి వెళ్లే విద్యార్థులు సాధారణంగా రాజుల పేర్లూ, శక సంవత్సరాలూ వ్రాసుకొని తిరిగి వస్తారు. మేమూ అలాగే వ్రాసుకొని వచ్చాం. ఆలయ శాసనాలలో ఎక్కువ భాగం దేవుని సన్నిధిలో అఖండదీపాలు పెట్టించిన వారి దానపత్రాలే. కాని అదే కళింగనగరం నుండి తూర్పు గంగరాజులు వెలువరించిన తామ్రశాసనాలను గూర్చి తరువాత చదివినప్పుడు మా దృష్టి మరొక విషయం మీద నిలిచింది. ఒక గ్రామాన్ని దానమిచ్చేటప్పుడు దానిని సకల పన్నుల నుండి మినహాయిస్తున్నామని వారు విస్పష్టంగా చెప్పించేవారు. ఏ దిక్కున ఏ వాగు, ఏ గుట్ట, ఏ చెట్టు హద్దో వరుసగా చెక్కించేవారు. వ్రాసినవాని పేరు, చెక్కినవాని పేరు కూడా పలు శాసనాల చివర కనిపిస్తాయి.

ఆ పాలనను పొగడడం మా ఉద్దేశం కాదు. రాజు దయ రాజు ఇష్టం. దాని మీద అప్పీలు లేదు. అయినా పన్ను నిర్ణయం ఏ ఆస్తిని గూర్చి, ఏ హద్దుల మధ్య, ఎవరి చేతి మీదుగా జరిగిందో ఆ రాగిరేకు చదివినవానికి తెలిసేది. నేడు మన ఇళ్లకు వచ్చే నోటీసులో ఇంటి నెంబరు ఉంటుంది, మొత్తం ఉంటుంది, గడువు ఉంటుంది. ఆ మొత్తం ఎలా తేలిందో ఇంటి యజమానులలో ఎందరు చెప్పగలరు? చెప్పలేనివాడు దానిని ప్రశ్నించడం ఎలా? ఇంటిపన్ను మదింపుపై పౌరుడు పెట్టుకొనే విన్నపం క్రమంగా అర్థంలేని తంతుగా మారుతున్నదనీ, దానికి తిరిగి ప్రాణం పోయడంలో మనవంటి కళాశాలలు చేయదగిన పని ఒకటి ఉన్నదనీ చెప్పడానికే ఈ వ్యాసం.

శ్రీముఖలింగం పట్టణం కాదు. జలుమూరు మండలంలో, వంశధార ఎడమ గట్టున ఉన్న పల్లె. అక్కడ ఇంటిపన్ను విధించేది 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం క్రింద గ్రామ పంచాయతీ. అక్కడి నుండి శ్రీకాకుళం వచ్చి స్థిరపడిన కుటుంబానికి ఆ పని చేసేది పురపాలన యంత్రాంగం. చట్టాలు వేరు, రేట్లు వేరు. నోటీసు అందుకున్న ఇల్లాలి ముఖంలోని అయోమయం మాత్రం రెండు చోట్లా ఒక్కటే.

ఈ ముఖలింగ శాసనాలను చదివి, ఇదే ప్రాచీన కళింగనగరమని వాదించిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు ఆ ఊరి పొరుగున పర్వతాలపేటలో 1863లో జన్మించారు. చదువు జనానికి అర్థమయ్యే భాషలో ఉండాలని జీవితమంతా పోరాడినవారు. ఆయన పుట్టిన నేల మీద పన్ను నోటీసు నేటికీ వకీలు భాషలోనే మాట్లాడడం విచారకరం. మా ఉర్దూ విభాగపు మిత్రులు ఇక్కడ ఒక వింతను ఎత్తి చూపారు. పన్ను వ్యవహారంలో తెలుగువాడు నోరు తెరిస్తే వచ్చే మాటలలో సగం అరబ్బీ, పారశీకాల నుండి వచ్చినవే: అర్జీ, రసీదు, బకాయి, వసూలు, కిస్తీ, దాఖలు, జప్తు, తనిఖీ, రద్దు, నకలు. చివరకు మనం కోరే మినహాయింపు కూడా ఆ కోవలోదే. గోల్కొండ కాలంలో 1641లో కట్టిన శ్రీకాకుళం జామియా మసీదు నీడన నమాజు చేసేవారికీ, ముఖలింగేశ్వరుని గుడి వీధిలో కాపురముండేవారికీ కచేరీ గుమ్మం దగ్గర భాష ఒక్కటే. అర్జీ వ్రాయడంలో ఉభయులకూ ఉన్న కష్టం కూడా ఒక్కటే.

మా ప్రాంతపు ఒక పట్టణంలో మా సహాధ్యాయి ఒకరి ఇంట జరిగినదానిని ఇక్కడ చెప్పాలి. మన ఉత్తరాంధ్ర వీధులలో ఇళ్లు ఎలా ఉంటాయో చదువరులకు తెలుసు. వీధి వైపు వెడల్పు తక్కువ, లోపలికి పొడవు ఎక్కువ. రెండిళ్ల మధ్య గోడ ఉమ్మడి. ఆ ఇల్లు 11 అడుగుల వెడల్పు, 70 అడుగుల పొడవు గల పాత పెంకుటిల్లు. ముందు భాగంలో 8 అడుగులకు 10 అడుగుల చోటును ఒక దర్జీకి అద్దెకిచ్చారు. మొత్తం 770 చదరపు అడుగులలో అది 80 మాత్రమే, అంటే పదింట ఒక వంతు. కొత్త మదింపులో ఇల్లంతా వ్యాపార స్థలంగా నమోదయింది. కుటుంబం విన్నపం పెట్టుకుంది. కొంతకాలానికి వచ్చిన సమాధానం ఒకే ఒక్క వాక్యం: పరిశీలించడమైనది, మార్పు అవసరం లేదు. ఎవరు పరిశీలించారు? టేపు పట్టి కొలిచారా? దర్జీ కుట్టుమిషను ఎంత మేర ఉన్నదో చూశారా? ఆ వాక్యంలో జవాబు లేదు. ఆ కుటుంబం పన్ను చెల్లించింది. తప్పు జరిగిందని మేము అనడం లేదు; ఒప్పు జరిగిందని తెలుసుకొనే అవకాశం ఆ కుటుంబానికి దక్కలేదని అంటున్నాం.

చరిత్రలోకి కొంచెం వెళదాం. 1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టంలో మదింపు మీద ముందుగా కార్యనిర్వాహకునికి పునర్విచారణ అర్జీ, ఆ నిర్ణయం మీద కౌన్సిలుకు అప్పీలు అనే ఏర్పాటు ఉండేది. పన్ను కట్టేవారు ఎన్నుకున్న సభ్యులు కూర్చొని పన్ను కట్టేవాని మొర వినడం అందులోని భావం. ఈ ఏర్పాటులో లోపాలు లేవని మేము అనము. బంధువుకూ, తన వార్డు వోటరుకూ పన్ను తగ్గించి, ఎదుటి పక్షం వానికి తగ్గించని సభ్యులు ఉండరా? అప్పీళ్ల సమావేశం దయాదాక్షిణ్యాల సంతగా మారడం ఎవరూ ఊహించలేనిది కాదు. అయితే ఆ లోపానికి విరుగుడు బహిరంగ విచారణ, కారణాలతో కూడిన వ్రాతపూర్వకమైన తీర్పు. వినేవారిని తొలగించి, మదింపు చేసిన కార్యాలయానికే దాని మంచిచెడ్డల నిర్ణయాన్ని వదిలివేస్తే పాత రోగం పోయి కొత్త రోగం వస్తుంది. నగరపాలక సంస్థలకు మూలమైన 1955 నాటి చట్టంలో న్యాయమూర్తి ముందు అప్పీలుకు మార్గం ఉన్న మాట నిజమే. కాని అడిగిన పన్ను ముందుగా చెల్లించనిదే ఆ అప్పీలు విచారణకు రాదు. పెంకుటింటి ముసలమ్మ పన్ను కట్టి, వకీలును పెట్టుకొని, కోర్టు మెట్లెక్కుతుందని ఎవరు నమ్ముతారు?

మన జిల్లా కేంద్రం సంగతి మరీ విచిత్రం. 1856 నాటి పురపాలక చరిత్ర గల శ్రీకాకుళం 2015లో నగరపాలక సంస్థ అయింది. 2021 మార్చిలో రాష్ట్రంలో 12 నగరపాలక సంస్థలకు ఎన్నికలు జరిగినప్పుడు పొరుగున విజయనగరం ఆ జాబితాలో ఉంది, శ్రీకాకుళం లేదు. అంతకు ముందు 2014 ఎన్నికలలోనూ లేదు. ఆ సంవత్సరాలలో పట్టణాన్ని ప్రత్యేకాధికారులే పాలించారు. పన్ను రేటును నిర్ణయించవలసిన సభా లేదు, ఆ రేటును గూర్చి నిలదీయడానికి సభ్యుడూ లేడు. ప్రజల చేత ఎన్నికైన సభ లేని ఊరిలో పెరిగిన పన్నును సమర్థించేవారు మా ప్రశ్నకు సమాధానం చెప్పాలి: ఆ ఊరి మనిషి ఏ గుమ్మం తట్టాలి?

గుమ్మం దొరకని మనిషి ఏం చేస్తాడో మన తెలుగుదేశంలోనే ఒక ఊరు చూపించింది. చీరాల, పేరాల గ్రామాలను కలిపి 1919లో మద్రాసు ప్రభుత్వం మునిసిపాలిటీగా చేసింది. యూనియనుగా ఉన్నప్పుడు ఏటా సుమారు 4,000 రూపాయలుగా ఉన్న పన్నుల భారం మునిసిపాలిటీతో సుమారు 40,000 రూపాయలకు చేరిందని చరిత్రకారులు వ్రాశారు. నేత పనివారూ, చిన్న రైతులూ ఎక్కువగా ఉన్న ఆ ఊళ్ల ప్రజలు అర్జీలు పెట్టుకున్నారు, ప్రాధేయపడ్డారు. ఫలితం లేదు. పన్ను కట్టని కొందరు జైలుకు వెళ్లారు. 1921 ఏప్రిల్‌లో గాంధీజీ వచ్చి వెళ్లిన తరువాత, ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వాన జనం ఇళ్లకు తాళాలు వేసి, మునిసిపాలిటీ హద్దు దాటి, రామనగరమనే పేరుతో పాకలు వేసుకొని దాదాపు 11 నెలలు ఎండకూ వానకూ ఓర్చి జీవించారు. ఉర్దూ చదువరులకు దీనికి తగిన మాట వెంటనే తోస్తుంది: హిజ్రత్. మన పాఠ్యపుస్తకాలలో ఈ ఉదంతం స్వాతంత్ర్యోద్యమంలో ఒక ఘట్టంగా నాలుగు వాక్యాలలో ముగుస్తుంది. కాని దాని మొదలు ఒక స్థానిక పన్ను, వినబడని విన్నపం. నాయకుడు అరెస్టయి, జనం అలసిపోయి, 1922 నాటికి తిరిగి తమ ఇళ్లకు చేరుకున్నారు. అంత త్యాగం చేసినవారికి పన్ను విషయంలో దక్కినది స్వల్పమే.

దక్కించుకున్నవారు మరొకరున్నారు. వారిని గూర్చి మన విద్యార్థులు విన్నట్టు లేదు. గుంటూరు పట్టణంలో పన్ను చెల్లించేవారు ఒక సంఘంగా ఏర్పడి మునిసిపల్ కౌన్సిలు మదింపు పద్ధతిని న్యాయస్థానంలో సవాలు చేశారు. నాటి చట్టం ప్రకారం ఇంటికి న్యాయంగా రాగల వార్షిక అద్దె మీద పన్ను. మునిసిపాలిటీ బజారు అద్దెను లెక్కలోకి తీసుకుంది. కాని అదే ఇంటికి 1960 నాటి అద్దెల నియంత్రణ చట్టం క్రింద యజమాని సముచితమైన అద్దెకు మించి వసూలు చేయరాదు. చట్టం వసూలు చేయనివ్వని అద్దె మీద పన్ను ఎలా వేస్తారని సంఘం వారి ప్రశ్న. సముచిత అద్దెను కంట్రోలరు నిర్ణయించిన ఇళ్లకైతే సరే, ఇంకా నిర్ణయించని ఇళ్లకు ఆ పరిమితి వర్తించదని మునిసిపాలిటీ వాదించింది. ఆ రెండు రకాల ఇళ్ల మధ్య భేదం లేదని 1970లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కౌన్సిలు అప్పీలును త్రోసిపుచ్చింది. తరువాతి కాలంలో ఢిల్లీ వంటి మహానగరాల ఇంటిపన్ను వివాదాలలో సైతం ఆ గుంటూరు తీర్పు ప్రస్తావనకు వచ్చింది. తమ పన్ను తగ్గించమని ఒక్కొక్కరే వెళ్లి వేడుకొని ఉంటే కొందరికి కొంత తగ్గి ఉండేది. లెక్క కట్టే సూత్రమే తప్పని కలిసి అడిగారు గనుక అది అందరికీ నిలిచే న్యాయమైంది. దయ అడగడానికీ, లెక్క అడగడానికీ ఉన్న తేడా ఇదే.

లెక్క అడగడానికి తావివ్వని పన్ను చట్టం ముందు నిలవదని అంతకు మూడేళ్ల ముందే మన రాష్ట్రం నుండి వెళ్లిన మరొక వ్యాజ్యంలో తేలింది. 1962 నాటి ఆంధ్రప్రదేశ్ అదనపు భూమిశిస్తు చట్టంలో రైతుకు నోటీసు లేదు, అభ్యంతరం చెప్పే అవకాశం లేదు, అప్పీలు లేదు. భూసారంతో నిమిత్తం లేని కనీస రేటు ఉంది. నల్లా రాజారెడ్డి కేసుగా పేరొందిన ఆ వ్యాజ్యంలో, 1967లో సుప్రీంకోర్టు ఆ చట్టం సమానత్వపు హక్కుకు విరుద్ధమని కొట్టివేసింది. చట్టం అనుమతి లేనిదే పన్ను వేయరాదని రాజ్యాంగం 265వ అధికరణం చెబుతున్నది. ఆ చట్టం న్యాయమైన పద్ధతిలో నడవాలని ఈ తీర్పు చెప్పింది.

ఇక ఇటీవలి మార్పు. 2020లో మన రాష్ట్రంలో పురపాలక చట్టాలను సవరించి, పట్టణాలలో అద్దె విలువకు బదులు ఆస్తి మూలధన విలువ మీద పన్ను వేసే పద్ధతి తెచ్చారు. 2021 ఏప్రిల్ 1 నుండి అది అమలయింది. నివాస గృహాలకు విలువలో నూరు రూపాయలకు 10 పైసల నుండి 50 పైసల వరకు, ఇతర కట్టడాలకు 20 పైసల నుండి 2 రూపాయల వరకు పరిమితులు పెట్టారు. 375 చదరపు అడుగుల లోపు విస్తీర్ణంలో యజమాని స్వయంగా నివసించే ఇంటికి ఏడాదికి 50 రూపాయలన్నారు. పెంపు అంతకు ముందటి పన్ను మీద నూటికి 15కు మించదని నాడు ప్రభుత్వం ప్రకటించింది. ఆ 15 చూచి సంతోషించినవారు వాణిజ్యశాస్త్ర విద్యార్థిని ఎవరినైనా అడగవలసింది. వెయ్యి రూపాయల పన్ను ఏటా ఆ గరిష్ఠపు లెక్కన పెరిగితే అయిదవ పెంపుకు 2,011 రూపాయలవుతుంది.

మా ఆందోళన పెంపును గూర్చి మాత్రమే కాదు. అద్దె విలువ పద్ధతిలో ఎన్ని లోపాలున్నా, అద్దె అనేది వీధిలో అందరికీ తెలిసిన విషయం. పక్కింటి వాటా ఎంతకు పోతున్నదో చెప్పి, మా ఇంటికి ఇంత వేశారేమని నిరక్షరాస్యుడైనా వాదించగలడు. మూలధన విలువ అలా కాదు. అది రిజిస్ట్రేషన్ శాఖ పుస్తకం నుండి వస్తుంది. వీధి విలువ పెరిగిందని పుస్తకం చెబితే, తరతరాలుగా అమ్మే ఆలోచన లేని ఇంటి మీద, ఎన్నడూ చేతికి రాని ధర మీద పన్ను పడుతుంది. ఆ ధర తప్పని పురపాలక కార్యాలయంలో విన్నవిస్తే, అది మా పుస్తకం కాదంటారు. రిజిస్ట్రేషన్ కార్యాలయానికి వెళితే, పన్నుతో మాకు సంబంధం లేదంటారు. విన్నపంలో ఇక మిగిలేది కొలతలు, వాడకం, కట్టడపు రకం మాత్రమే. అసలు విలువను గూర్చి వినే చెవి ఎక్కడా లేదు. చట్టంలో అప్పీలు ఉన్నదన్న మాటకు అర్థం ఇంత చిన్నదైపోవడం మాకు అన్నిటికంటె పెద్ద అన్యాయంగా తోస్తున్నది.

పన్ను కట్టవద్దని మేము ప్రబోధిస్తున్నామని ఎవరూ అపార్థం చేసుకోకూడదు. వీధి దీపం, మురికి కాలువ, కుళాయి నీరు ఊరికే రావు. మూడంతస్తుల మేడను ఒక అంతస్తుగా వ్రాయించుకున్న పెద్దలు మన పట్టణాలలో ఉన్నారు. వారి వాటా భారం కూడా పెంకుటింటి మీదే పడుతున్నది. మదింపు పుస్తకం అందరి కళ్ల ముందుకూ వస్తే మొదట బయటపడేది ఆ దొంగలెక్కలే. మాకు తెలిసినంతలో నిజాయితీగల అధికారికి బహిరంగ విచారణ వల్ల నష్టం లేదు.

కళాశాల సంఘంవారికి ఇక్కడ ఒక మనవి. విద్యాబోధనకు వాడే భవనాలకూ, ప్రార్థనాస్థలాలకూ, రక్షిత పురాతన కట్టడాలకూ పన్ను మినహాయింపు మన పురపాలక చట్టాలలో చాలాకాలంగా ఉన్నది. మధుకేశ్వరాలయానికి ఎలాగో, మన తరగతి గదికీ అలాగే. మినహాయింపు భవనం వాడకాన్ని బట్టి వచ్చేదే తప్ప యజమాని పేరును బట్టి కాదనీ, విద్యాసంస్థదైనా, మసీదుదైనా, గుడిదైనా ఆవరణలో అద్దెకిచ్చిన కొట్టుకు అది వర్తిస్తుందని భావించరాదనీ పెద్దలకు మేము చెప్పనక్కరలేదు. ఊరివారు కట్టే పన్నుతో వచ్చిన రోడ్డు మీదుగా మనం పన్ను లేని గదులలోకి వచ్చి కూర్చుంటున్నాం. ఊరికి మనం బాకీ ఉన్నాం.

ఆ బాకీ తీర్చే పని పెద్ద ఖర్చుతో కూడినది కాదు. నోటీసులు వచ్చే నెలలలో వారానికి ఒక సాయంత్రం గ్రంథాలయపు వసారాలో ఒక బల్ల వేయాలి. నోటీసు తెచ్చినవారికి మన విద్యార్థులు దానిని చదివి వినిపించాలి. 2022 నాటి చట్టసవరణతో ఉర్దూ రాష్ట్రమంతటా రెండవ అధికార భాష అయింది గనుక, ఉర్దూలో అర్జీ పెట్టదలచినవారికి మన ఉర్దూ విభాగం వ్రాసి పెట్టాలి. దానికి తెలుగు నకలు జతచేయాలి. లెక్కల విద్యార్థులు ఆ ఇంటికి వెళ్లి కొలవాలి. 370 చదరపు అడుగుల ఇల్లు పుస్తకంలో 380గా పడితే 50 రూపాయల పన్ను ఏమవుతుందో వారికి వేరే చెప్పాలా? వాడకం ఎంత మేర నివాసం, ఎంత మేర వ్యాపారం అన్నది పటం గీసి చూపాలి. మదింపు పుస్తకంలో తమ ఇంటి వివరాల నకలు కోరుతూ 2005 నాటి సమాచార హక్కు చట్టం క్రింద మరొక కాగితం దాఖలు చేయాలి. అదే వీధిలో అదే కొలతల ఇళ్లకు ఎంతెంత వేశారో కూడా అందులో అడగాలి. అర్జీ చివర, తగ్గించ ప్రార్థన అని వ్రాసే అలవాటు మానుకొని, ఏ లెక్కతో ఈ మొత్తం వచ్చిందో, మా అభ్యంతరాన్ని ఏ కారణంతో అంగీకరించిందీ నిరాకరించిందీ వ్రాతపూర్వకంగా తెలుపవలెనని వ్రాయాలి. తీసుకున్నట్టు రసీదు లేకుండా ఏ అర్జీనీ వదలరాదు.

ఒకే వీధి నుండి ఒకే తప్పు గూర్చి పది అర్జీలు వస్తే, ఆ పదిమందినీ ఒకచోట కూర్చోబెట్టి గుంటూరు వారి కథ చెప్పాలి. శ్రీముఖలింగం వంటి పల్లెల నుండి వచ్చే మన విద్యార్థులు ఇదే పనిని తమ గ్రామసభలో చేయవచ్చు. అక్కడ పంచాయతీ సభ్యుడు ఎదురుగానే ఉంటాడు, అడిగే గొంతు మాత్రమే కావాలి.

సంఘంవారు వచ్చే సమావేశపు కార్యక్రమంలో ఈ అంశాన్ని చేర్చవలసిందిగా కోరుతున్నాం. కావలసిన సామగ్రి ఒక బల్ల, నాలుగు కుర్చీలు, అర్జీల నకళ్లు భద్రపరచడానికి ఒక పాత బీరువా, 30 మీటర్ల కొలత టేపు ఒకటి. బీరువా భౌతికశాస్త్ర ప్రయోగశాల వెనుక వరండాలో ఖాళీగా పడి ఉన్నది. టేపు కొనాలి.